కీల్ దగ్గరి యూ-995నా, బ్రెమర్‌హాఫెన్ బోటునా: ఒక్కరోజుంటే ఏ జర్మన్ సబ్‌మెరైన్ చూడాలె?

హంటర్‌రోడ్డు:

జూన్‌ల హాంబర్గ్ పోతున్నం, చెల్లె ఇంటికి. మిగతా రోజులన్నీ ఆమెనే పంచేసుకుంది, నాకు ఒక్కరోజు ఇచ్చింది. ఆ రోజు రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సబ్‌మెరైన్ చూద్దామని ఉంది. వెతికితే మూడు కనబడ్డయి: హాంబర్గ్‌లనే యూ-434, కీల్ దగ్గర లాబో అనే ఊళ్లె యూ-995, బ్రెమర్‌హాఫెన్‌ల విల్‌హెల్మ్ బవర్.

ఒక్కటే చూడాలంటే ఏది? వెంట అమ్మ వస్తది. 64 ఏండ్లు, మోకాళ్ల నొప్పులు, చీర తప్ప వేరేది కట్టదు. తొమ్మిదేండ్ల బాబు కూడా ఉంటడు. వీళ్లు లోపలికి పోగలరా? జర్మన్ మాకు రాదు కాబట్టి లోపల ఏం చూడాల్నో ముందే తెలిస్తే బాగుంటది, ఊకె పైపులు, చక్రాలు చూసి బయటికొచ్చుడు కాకుండ. ఇంకోటి, వైజాగ్‌ల కురుసుర ఇంతవరకు చూడలే. పోయేముందు అది చూస్తే ఏమన్న లాభమా, లేక అన్నీ ఒకటేనా?

ఉప్పునీళ్లు:

ముందు యూ-434ని కొట్టెయ్యండి. హాంబర్గ్ చేపల మార్కెట్ దగ్గర ఉన్న ఆ బోటు సోవియట్ నౌకాదళానిది, నాటో వాళ్లు టాంగో అని పిలిచిన రకం. అదే నంబరు గల జర్మన్ యూ-బోటు (జర్మన్ సబ్‌మెరైన్లను అలాగే పిలుస్తారు) ఒకటి ఉండేది గానీ, అది 1941 డిసెంబరులోనే మునిగిపోయింది. ముందున్న 'యూ' చూసి టికెట్ కొనేవాళ్లు ఎక్కువే.

మీ లెక్కకు లాబోనే సరైంది. యుద్ధంలో జర్మనీ ఎక్కువగా కట్టింది టైప్ 7 రకం, ఏడొందల పైచిలుకు బోట్లు. వాటిలో ఈరోజు నిలిచి ఉన్నది యూ-995 ఒక్కటే. హాంబర్గ్‌లోనే బ్లోమ్ అండ్ ఫాస్ యార్డులో కట్టారు, 1943 సెప్టెంబరు 16న సర్వీసులోకి వచ్చింది. యుద్ధం అయిపోయేనాటికి నార్వేలో ఉండిపోయింది. నార్వే నౌకాదళం దాన్ని 1952 నుంచి కౌరా అనే పేరుతో నడిపి 1965లో జర్మనీకి తిరిగి ఇచ్చింది. 1972 నుంచి లాబో ఇసుక మీద, నౌకాదళ స్మారక స్తంభం ఎదురుగా ఉంది.

దారి: హాంబర్గ్ నుంచి కీల్‌కు రీజినల్ రైలులో గంటంబావు. ష్లెస్విగ్-హోల్‌స్టైన్ టికెట్ అని ఒకరోజు పాస్ ఉంది, ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా వెళ్లొచ్చు. పని దినాల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, ఐసీఈ లాంటి వేగం బండ్లలో చెల్లదు. దీని కోసం తొమ్మిది దాకా ఆగితే లాబో చేరేసరికి మధ్యాహ్నం అయి, జనం చేరిపోయి ఉంటారు. శని, ఆదివారాల్లో ఈ షరతు లేదు. కీల్ స్టేషన్ నుంచి లాబోకు బస్సూ ఉంది, ఫెర్రీ కూడా ఉంది. ఫెర్రీకి గంట పడుతుంది, ప్రయాణం బాగుంటుంది, కానీ రేవులో దిగాక ఒడ్డు వెంట చాలా దూరం నడవాలి. అమ్మతో వెళ్లేటప్పుడు బస్సు ఎక్కండి.

లోపల ఏం చూడాలంటే, ఇది నీళ్ల కింద బతికే ఓడ కాదన్నది మనసులో పెట్టుకుని లోపలికి వెళ్లండి. నీటి పైన తిరుగుతూ, అవసరమైనప్పుడు మునిగే ఓడ ఇది. పైన డీజిల్ మీద 17.7 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). కింద కరెంటు మీద 7.6 నాట్లు, అదీ కాసేపే. పొదుపుగా 4 నాట్లతో పోతే 80 నాటికల్ మైళ్లు, అంటే 148 కిలోమీటర్లు. హనుమకొండ నుంచి హైదరాబాద్ అంత దూరం, కానీ 20 గంటల ప్రయాణం. ఆ తర్వాత పైకి తేలి బ్యాటరీ ఛార్జి చేసుకోవాల్సిందే, తేలినప్పుడు పైన విమానం ఉంటే పని అయిపోయినట్టే. లోపల కనబడే ప్రతి వస్తువూ ఈ ఒక్క ఇబ్బంది చుట్టూనే అమర్చి ఉంటుంది.

వెనక వైపు నుంచి ఎక్కి ముందు వైపు దిగుతారు. మొదట వచ్చేది మోటార్ల గది. చివర్లో ఒక టార్పిడో గొట్టం, పక్కన గాలి కంప్రెసర్లు. తర్వాత రెండు డీజిల్ ఇంజన్లు, మధ్యలో మనిషి పట్టేంత సందు. ఆ తర్వాత వంటిల్లు. దాని ముందు ఒక నిమిషం ఆగండి. నలభై, యాభై మందికి అక్కడే వండేవాళ్లు. మన ఇళ్లలో దేవుడి గది అంత కూడా ఉండదు. దాటితే చిన్న అధికారుల పడకలు, ఆ నేల కింద 62 సెల్స్ బ్యాటరీ. ముందు వైపు ఇంకో 62. ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసినట్టే వీటికీ పోయాలి, ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడాలి. వాటి మీద సముద్రపు నీళ్లు పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. సిబ్బందికి బాంబులంత భయం దీనికీ ఉండేది.

నడిమధ్య కంట్రోల్ రూమ్. రెండు వైపులా గుండ్రటి తలుపులు, ఇక్కడే అందరి నుదుళ్లూ తగులుతాయి. కుడి గోడ దగ్గర ఇద్దరు కూర్చునే చోటు చూడండి. బోటును పైకీ కిందికీ వంచే ముందు, వెనక రెక్కలను బటన్లతో తిప్పేవాళ్లు, కరెంటు పోతే చేత్తో తిప్పే చక్రాలున్నాయి. లోతు చూపే గుండ్రటి గేజీల పక్కన గాజు గొట్టం లాంటిది ఒకటి ఉంటుంది, పాపెన్‌బర్గ్ అంటారు. పెరిస్కోప్ లోతులో అర మీటరు అటూ ఇటూ అయినా చెడే సమయంలో దీన్ని చూస్తూ బోటును నిలిపేవాళ్లు. దాడి పెరిస్కోప్ ఈ గదిలో ఉండదు, పైనున్న బురుజులో కమాండర్ సీటు మీద కూర్చుని చూసేవాడు.

ఆ తర్వాత ఎడమ చేతి వైపు కమాండర్ మూల. తలుపు లేదు, పరదా మాత్రమే. ఎదురుగా రేడియో గది, శబ్దాలు వినే గది. పిలిస్తే పలికే దూరంలో కాదు, గుసగుసలాడితే వినబడే దూరంలో పెట్టారు. చివర ముందు టార్పిడో గది, నాలుగు గొట్టాలు. మొత్తం 14 టార్పిడోల్లో ఐదు గొట్టాల్లో, ఆరు ఈ గదిలోనే, ఒకటి వెనక గదిలో, రెండు పైన డెక్కు కింద బయటి డబ్బాల్లో. ఒక్కో టార్పిడో ఏడు మీటర్ల పైన, ఒకటిన్నర టన్నుల పైన. నావికులు వాటి మీద, వాటి పక్కన పడుకునేవాళ్లు. కొన్ని పేల్చాకే కాళ్లు చాపుకునే జాగా వచ్చేది.

డీజిల్‌షెడ్డు:

ఉప్పునీళ్లు అన్న బాగ చెప్పిండు. ఇంజన్ల సంగతి జర ఎక్కువ చెప్త, కాజీపేట వాళ్లకు ఇది తొందరగ ఎక్కుతది.

ఆ రెండు డీజిళ్లు జర్మానియావెర్ఫ్ట్ ఎఫ్46 రకం, ఆరేసి సిలిండర్లు, ఫోర్ స్ట్రోక్, సూపర్‌ఛార్జర్ ఉంటది. రెండూ కలిపి 2800 నుంచి 3200 హార్స్ పవర్. మన రైల్వే షెడ్డులకు వచ్చిన డబ్ల్యూడీఎం-2 లోకోది ఒక్క ఇంజనే 16 సిలిండర్లతోటి 2600, డబ్ల్యూడీఎం-3ఏ అయితే 3100. అంటే పడవ మొత్తానికి ఉన్న తాకత్ ఒక్క లోకో అంత. అయితే లోకో ఇంజన్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతది, ఇది దాంట్ల సగం కూడా తిరగది. అందుకే అంత పొడుగు, అంత బరువు.

అసలు తేడా వేరే ఉంది. లోకోల డీజిల్ చక్రాలను తిప్పది. అది జనరేటర్‌ను తిప్పుతది, ఆ కరెంటు ట్రాక్షన్ మోటార్లకు పోతది. యూ-బోటుల అట్ల కాదు. డీజిల్, మోటారు, నీళ్లను తోసే ఫ్యాను మూడూ ఒకే షాఫ్టు మీద వరుసగ ఉంటయి, మధ్యల క్లచ్‌లు. పైన పోయేటప్పుడు డీజిలే నేరుగ ఫ్యానును తిప్పుతది. మునిగినంక డీజిల్ క్లచ్ విడగొట్టి మోటారుతోటి తిప్పుతరు. ఛార్జి చెయ్యాల్నంటే డీజిల్‌తోటి అదే మోటారును తిప్పుతరు, అది జనరేటర్ అయితది. రెండు గదులు ఎందుకు ఆనుకొని ఉన్నయో ఇప్పుడు మీకు తెలుస్తది. గదుల మధ్య నిలబడి షాఫ్టు ఏ దిక్కు పోతుందో బాబును చూడమనుర్రి.

స్టార్ట్ చేసుడు కూడా వేరే. లోకోల బ్యాటరీ కరెంటు జనరేటర్‌కు ఇచ్చి దాన్నే మోటారు లెక్క తిప్పి ఇంజన్ లేపుతం. ఇక్కడ సీసాల నింపిన గట్టి గాలిని సిలిండర్లలకు వదులుతరు. కంప్రెసర్లు అంత ముఖ్యం ఎందుకంటే ఆ గాలే ఇంజన్ లేపాలె, ఆ గాలే నీళ్ల ట్యాంకులు ఊది పడవను పైకి తేల్చాలె.

మునగమని గంట కొడితే ఏమైతదో వరుస చెప్త. పైన కాపలా ఉన్నోళ్లు నిచ్చెన మీద జారి లోపల పడుతరు, మూత బిగిస్తరు. డీజిల్ బంద్. గాలి లోపలికొచ్చే వాల్వు, పొగ బయటికిపోయే వాల్వు రెండూ మూస్తరు. క్లచ్ మార్చి మోటార్లు ఎత్తుకుంటరు. ట్యాంకుల మీది మూతలు తెరిస్తే గాలి పోయి నీళ్లు ఎక్కుతయి, ముందు రెక్కలు కిందికి. అంతా అర నిమిషం. దీంట్ల ఆ గాలి వాల్వు పూర్తిగ మూసుకోకపోతే సముద్రం సక్కగ ఇంజన్ గదిలకే వస్తది. డీజిల్ గదిల తల పైన పెద్ద పైపులు, వాటి చక్రాలు కనబడితే అవి ఊకె పైపులు కావు, ప్రాణాలు వాటి మీదనే ఉన్నయి.

ఇంకొకటి. 67 మీటర్లు అని బోర్డు చూసి లోపల అంత పొడుగు ఉంటదనుకోకుర్రి. అది బయటి తొడుగు, దాంట్లకు నీళ్లు వస్తయి పోతయి. మనుషులుండే గట్టి ఉక్కు గొట్టం, ప్రెషర్ హల్ అంటరు, అది 50.5 మీటర్లే, అడ్డం 4.7 మీటర్లు. రెండు ఎల్‌హెచ్‌బీ బోగీలు కలిపిన దానికంటె జరంత ఎక్కువ. యూ-995 టైప్ 7సీ/41, దాని ఉక్కు 21 మిల్లీమీటర్ల మందం. ముందుతరం 7సీ 18.5 ఉండె.

తోవనడక:

మోకాళ్ల ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తున్నా. అక్కా, అమ్మను లోపలికి తీసుకెళ్లకండి. లోపల నడక చదునుగానే ఉంటుంది, బాధ అది కాదు. కంట్రోల్ రూమ్ గుండ్రటి తలుపుల్లో నడిచి దాటలేరు. ఒక చేత్తో పైన పట్టుకుని, ఒక కాలు ఎత్తి అవతల పెట్టి, నడుము వంచి, తల దించి, రెండో కాలు లాక్కోవాలి. మోకాలు మడవలేనివాళ్లు అక్కడే ఇరుక్కుంటారు. పైగా దారి ఒకవైపే, వెనక వరుస ఉంటుంది, మధ్యలో వద్దనుకుంటే అందరూ వెనక్కి జరగాలి. చీర కుచ్చిళ్లు తలుపు అంచుకు, చెంగు వాల్వు చక్రానికి తగులుకుంటాయి. చుడీదార్ వేసుకున్నవాళ్లు కూడా చున్నీ తీసి సంచిలో పెట్టుకోవడం మంచిది.

అమ్మకు బయట చూడ్డానికి ఉన్నది తక్కువేమీ కాదు. బోటు మొత్తం ఇసుక మీద ఉంది, చుట్టూ తిరగొచ్చు. వెనక వైపు రెండు ఫ్యాన్లు, వాటి వెనక రెండు చుక్కానులు, రెండిటి మధ్యలోంచి వెనక టార్పిడో వెళ్లే దారి, ఇవి లోపలికి వెళ్లినవాళ్లకు కనబడవు. ఎదురుగా 72 మీటర్ల స్మారక గోపురానికి లిఫ్టు ఉంది, పై నుంచి కీల్ ఓడల దారి అంతా కనబడుతుంది.

బాబుకు తొమ్మిదేళ్లంటే పెద్దవాళ్ల కంటే సుఖంగా దూరిపోతాడు. దెబ్బలు తగిలేది ఐదున్నర అడుగులు దాటినవాళ్లకే. వీపు సంచి వద్దు. వెనక్కి తిరిగినప్పుడల్లా దేనికో ఒకదానికి తగులుతుంది, లేదా వెనకవాళ్ల ముఖానికి. తప్పదంటే ముందు వైపు, పొట్ట మీద వేసుకోండి. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి, వాన పడితే ఇనుప మెట్లు జారతాయి. ఎండ రోజున లోపల ఉక్కపోస్తుంది. బొగ్గు బాయిలోకి దిగినవాళ్లకు ఇరుకు కొత్తగా అనిపించదు గానీ, మూసిన చోట భయపడే అలవాటుంటే బయటే ఆగిపోవడం నయం. తెరిచే వేళకే చేరుకోండి. ముందు జనం లేకపోతే ఒక్కో గదిలో రెండు నిమిషాలు నిలబడొచ్చు, మధ్యాహ్నం అయితే వెనకవాళ్లు తోసుకుంటూ తీసుకెళ్తారు, పది నిమిషాల్లో బయట ఉంటారు.

కీలుబొమ్మ:

లాబోనే అన్న మాటకు అరకొర ఒప్పుకుంటా. సబ్‌మెరైన్ ఎలా పనిచేస్తుందన్నదే ముఖ్యమైతే బ్రెమర్‌హాఫెన్ వదలకండి.

విల్‌హెల్మ్ బవర్ అసలు పేరు యూ-2540, టైప్ 21. ఉప్పునీళ్లు గారు చెప్పిన ఆ ఇబ్బందిని తిరగేసిన బోటు ఇది. పొడుగు 76.7 మీటర్లు, టైప్ 7 కంటే పది మీటర్లే ఎక్కువ. బ్యాటరీ సెల్స్ మాత్రం 124 కాదు, 372, మూడింతలు. పైన 15.6 నాట్లు, నీటి కింద 17.2. కిందే వేగం ఎక్కువ! 5 నాట్లతో మునిగే 340 నాటికల్ మైళ్లు పోగలదు. చప్పుడు రాకుండా నెమ్మదిగా జారిపోవడానికి వేరే చిన్న మోటార్లు, పిండిమర లాంటి వాటికి ఉండే వీ బెల్టులతో షాఫ్టుకు కలిపారు. గేర్లయితే మోత, బెల్టయితే మెత్తన. ఆరు గొట్టాలూ ముందే, టార్పిడోలు హైడ్రాలిక్స్‌తో ఎక్కుతాయి. 118 బోట్లు సర్వీసులోకి వచ్చినా యుద్ధం ముగిసేలోపు దాడికి బయల్దేరినవి వేళ్ల మీద లెక్కే.

ఒక లోటు ఉంది. ఈ బోటును 1945 మే 4న వాళ్లే ముంచేసుకున్నారు, 1957లో తేల్చి, 1960లో పశ్చిమ జర్మనీ నౌకాదళం ప్రయోగాల కోసం మళ్లీ నడిపింది. అందుకని లోపల కొంత యుద్ధకాలానిది, కొంత అరవైలది. యూ-995లాగా మొత్తం ఒకే కాలం కనబడదు. 1984 నుంచి మ్యూజియం, పాత రేవులో నీళ్లలోనే తేలుతోంది. చలికాలం మూసేస్తారు, జూన్‌లో ఇబ్బంది లేదు. అక్కడికి వెళ్లడానికి నీడర్‌సాక్సెన్ టికెట్ అనే ఒకరోజు పాస్ పనిచేస్తుంది, దానికీ పని దినాల్లో తొమ్మిది షరతే.

కురుసుర ప్రశ్నకు: తప్పకుండా ముందు చూడండి, ఒకటే అనుకోకండి. యుద్ధం తర్వాత సోవియట్ యూనియన్ వాటాకు నాలుగు టైప్ 21లు వచ్చాయి. వాటి నుంచి నేర్చుకున్నది వాళ్ల జూలూ రకంలోకి వెళ్లింది, దాని తర్వాతిది ఫాక్స్‌ట్రాట్. మన కురుసుర ఆ ఫాక్స్‌ట్రాటే. నకలు కాదు, మనవరాలి వరస. 91.3 మీటర్లు, మూడు ఫ్యాన్లు, ముందు ఆరు వెనక నాలుగు టార్పిడో గొట్టాలు. 1969 డిసెంబరు నుంచి 2001 ఫిబ్రవరి దాకా పనిచేసింది, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో ఉంది. అది చూసి, ఇరుకుగా ఉందనుకుని లాబో వెళ్లండి. అప్పుడు కురుసుర కల్యాణ మండపంలా అనిపిస్తుంది. అమ్మ మోకాళ్లకు పరీక్ష కూడా అక్కడే అయిపోతుంది, జర్మనీ దాకా వెళ్లి తెలుసుకోనక్కర్లేదు. వరంగల్ నుంచి రాత్రి గోదావరి ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్. సోమవారం కురుసురకు సెలవు, ఆదివారం రాత్రి బయల్దేరకండి.

హంటర్‌రోడ్డు:

అందరికి మస్తు థ్యాంక్స్. అమ్మ బయటనే, ఖాయం. బాబు ఇదంతా పక్కన కూర్చొని చదివిండు, వాని ప్రశ్న ఒక్కటే: యాభై మందికి బాత్రూంలు ఎన్ని? నేను రాస్తలేను అంటే ఊకుంటలేడు.

ఉప్పునీళ్లు:

సరైన ప్రశ్నే అడిగాడు. టైప్ 7లో రెండు. ప్రయాణం మొదట్లో ఒకదాన్లో ఆలుగడ్డలు, డబ్బాలు నింపేవాళ్లు, అవి తినేదాకా మిగిలేది ఒక్కటే. ఆ ఒక్కటి కూడా లోతులో పనిచేయదు. ప్రతి పది మీటర్ల లోతుకు చదరపు సెంటీమీటరు మీద ఇంకో కిలో బరువు పెరుగుతుంది. చేతి పంపుతో ఆ నీళ్లను తోసి మనది బయటికి పంపాలి. పాతిక మీటర్లు దాటితే ఎంత కొట్టినా వెళ్లదు, బకెట్లే గతి.

చివరి రోజుల్లో ఎక్కువ లోతులో కూడా పనిచేసే రకం పెట్టారు. వాల్వులు ఒక వరుసలోనే తిప్పాలి, తప్పితే సముద్రమే లోపలికి వస్తుంది. యూ-1206లో 1945 ఏప్రిల్ 14న స్కాట్లాండ్ దగ్గర అదే అయింది. కమాండర్ చెప్పినదాని ప్రకారం నీళ్లు కింది బ్యాటరీల మీద పడి క్లోరిన్ లేచింది, తప్పక పైకి తేలారు, విమానాలు చూశాయి, బోటును వదిలేయాల్సి వచ్చింది. లాబోలో ముందు భాగం నడవాలో ఆ చిన్న తలుపు కనబడుతుంది, బాబుకు చూపించండి.

తోవనడక:

ఒకటి మర్చిపోయాను. ఒకవేళ ఫెర్రీలోనే వెళ్తే లాబోకు ముందు మోల్టెనోర్ట్ రేవు వస్తుంది. ఒడ్డునే యూ-బోట్ల స్మారకం, కంచు పలకల మీద చనిపోయినవాళ్ల పేర్లు బోటు వారీగా రాసి ఉన్నాయి. రెండో యుద్ధంలోవే ముప్పై వేలకు పైన. పది నిమిషాలు దిగి చూస్తే బోటులో చూసే పడకల లెక్క వేరేగా కనబడుతుంది. బాబుకు అవతలి పక్క కూడా చెప్పండి. 1940 సెప్టెంబరులో యూ-48 ముంచిన సిటీ ఆఫ్ బెనారస్ ఓడలో, బ్రిటన్ మీద పడే బాంబుల నుంచి తప్పించి కెనడాకు పంపుతున్న పిల్లలు 77 మంది పోయారు. ఆ ఓడలో పనిచేసిన లస్కర్లు మనవాళ్లే, వాళ్లలోనూ చాలామంది తిరిగి రాలేదు.

కీలుబొమ్మ:

బ్రెమర్‌హాఫెన్ వైపు వెళ్లేవాళ్లకు ఇలాంటిదే: బ్రెమెన్ శివార్లలో ఫార్గె దగ్గర బంకర్ వాలెంటిన్. టైప్ 21 బోట్లు అక్కడే కలిపి కట్టాలని 1943 నుంచి ఖైదీలతో, బలవంతపు కూలీలతో కట్టించిన కాంక్రీటు కొండ. వెయ్యి మందికి పైగా అక్కడ చచ్చిపోయారు, ఒక్క బోటూ బయటికి రాలేదు. ఇప్పుడు స్మారక స్థలం. అయితే బోటు, బంకర్ రెండూ ఒక్కరోజులో హాంబర్గ్ నుంచి అంటే పరుగే, పిల్లలతో వద్దు.

హంటర్‌రోడ్డు:

అయితే శనివారం లాబో, తొమ్మిది షరతు లేకుండ పొద్దున్నే బండి. పోయేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు అమ్మకు ఓపిక ఉంటే ఫెర్రీ. ఇంకోరోజు చెల్లెను బతిమాలి బ్రెమర్‌హాఫెన్. వైజాగ్‌కు ఈ నెలలనే, శుక్రవారం రాత్రి గోదావరికి చూస్తున్న, నాలుగు బెర్తులల్ల రెండు ఆర్‌ఏసీ చూపిస్తున్నయి.

డీజిల్‌షెడ్డు:

మూడు, నాలుగు రోజుల ముందు దాకా బెర్తులు ఖాయం కాకపోతే వందే భారత్ చూడుర్రి, వరంగల్‌ల ఆగుతది. పగటి బండే గానీ అమ్మకు పై బెర్తు ఎక్కే బాధ ఉండది.